నెయ్‌గ, ఏటంటే, అమ్... ఊతపదాల చరిత్రలోకి ఆటిజం ఎలా వచ్చింది

చైనీస్ వాళ్ళతో కలిసి పనిచేసిన మనవాళ్ళు ఎవరికైనా ఒక మాట చెవిలో నిలిచిపోయి ఉంటుంది. "నెయ్‌గ". ఆఫీసులో కూర్చునే పెద్ద ఇంజనీరు మొదలుకొని రాడ్లు కట్టే అంకుల్ దాకా వాక్యానికి రెండు మూడుసార్లు "నెయ్‌గ... నెయ్‌గ నెయ్‌గ..." అంటూనే ఉంటారు. సింగపూర్ కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అదేదో సామాను పేరనుకుని నన్ను అడుగుతుంటారు, స్టోర్‌లో ఎక్కడుంటుంది అన్నా అని. దాని అర్థం "అది". అంతే. మాట గుర్తురానప్పుడు మనం "అదీ... అదీ..." అంటూ గాల్లో చెయ్యి తిప్పుతామే, అచ్చంగా అదే.

మొన్నటి ఎపిసోడ్‌లో ఈ మాట గురించే మాట్లాడాను. పొద్దున్నే లారీలో వింటూ సగం గాలికి పోయింది అని చాలామంది మెసేజ్ పెట్టారు. అందుకే రాసి పెడుతున్నాను, చెప్పినదానికన్నా కొంచెం వివరంగా. నాది ఐటీఐ, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. భాషాశాస్త్రం నేను చదవలేదు. కానీ ఇరవై ఏళ్ళుగా నాలుగు భాషల మనుషుల మధ్య పని చేయిస్తున్నవాణ్ణి కాబట్టి, మాట ఎక్కడ ఆగుతుందో, ఆగినప్పుడు ఏం జరుగుతుందో కాస్త తెలుసు.

ఇలాంటి మాటలకి తెలుగులో ఎంత మంచి పేరుందో చూడండి. ఊతపదం. స్లాబ్ వేసేటప్పుడు సెంట్రింగ్ కింద జాకీలు పెడతాం. ఆ జాకీ స్లాబ్‌లో భాగం కాదు, డ్రాయింగ్‌లో కనపడదు, కాంక్రీటు గట్టిపడ్డాక తీసేస్తాం. తీసేస్తాం కదా అని పోసేటప్పుడు పెట్టకుండా ఉంటామా? ఆ పేరు పెట్టిన తాతలెవరో గానీ, ప్రొఫెసర్లు యాభై ఏళ్ళు తవ్వి తేల్చింది ఒక్క మాటలో చెప్పేశారు.

ఎందుకంటే బయటి ప్రపంచం దీన్ని చాలాకాలం చెత్తగానే చూసింది. 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ పెట్టాడు, నలుగురిలో మాట్లాడటం నేర్పడానికి. గల్ఫ్‌లోనూ ఇక్కడా మన ఆఫీసు ఉద్యోగులు కొందరు వెళ్తుంటారు. ఆ మీటింగుల్లో ఒకరికి "ఆ-కౌంటర్" అని డ్యూటీ ఉంటుంది. మాట్లాడేవాడు ఎన్నిసార్లు "ఆ", "అమ్" అన్నాడో లెక్క రాయడమే ఆ మనిషి పని. అంటే అది తప్పు, తగ్గించుకోవాలి, అంతే లెక్క.

1950ల్లో యేల్ యూనివర్సిటీలో జార్జ్ మాల్ అనే సైకాలజిస్టు మానసిక చికిత్స గదుల్లో రికార్డు చేసిన టేపులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి కంగారు పడితే మాట ఎలా తడబడుతుంది అని ఆయన ప్రశ్న. తడబాట్లన్నీ రకాలుగా విడగొట్టి లెక్కపెడితే ఒక వింత కనపడింది. కంగారు పెరిగితే వాక్యం మధ్యలో తెగడం, మాట మళ్ళీ మళ్ళీ రావడం పెరిగాయి. "ఆ" మాత్రం కంగారుతో పాటు పెరగలేదు. అంటే అది భయానికి గుర్తు కాదు, దాని పని వేరే ఏదో ఉంది.

ఆ పని ఏంటో 1959లో మక్లే, ఆస్‌గుడ్ అనే ఇద్దరు ఊహించారు. మాట్లాడేవాడు ఆగాడంటే అవతలివాడు అందుకుంటాడు. అందుకోకుండా ఉండాలంటే ఏదో ఒక శబ్దం చేస్తూ ఉండాలి, నా వంతు ఇంకా అవలేదు అని. మనకిది కొత్త కాదు. క్రేన్ ఆపరేటర్‌కి లోడ్ కనపడని చోట లిఫ్టింగ్ జరుగుతుంటే సిగ్నల్‌మన్ వాకీటాకీలో ఆపకుండా "స్లో... స్లో... స్లో..." అంటూనే ఉండాలి. ఆ గొంతు ఆగితే ఆపరేటర్ లోడ్ ఆపేయాలి. అక్కడ "స్లో" అనే మాటకి అర్థం నిదానం అని మాత్రమే కాదు, నేను లైన్‌లో ఉన్నాను అని కూడా.

2002లో హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. ఇంగ్లీషువాళ్ళ మాటల రికార్డింగులు చూసి, "అహ్" అంటే చిన్న ఆలస్యం, "అమ్" అంటే కాస్త పెద్ద ఆలస్యం అని మాట్లాడేవాడు ముందుగానే చెబుతున్నాడు, కాబట్టి ఇవి కూడా మాటలే అన్నారు. అందరూ ఒప్పుకోలేదు, ఇప్పటికీ వాదన ఉంది. కానీ ఆ తర్వాత ఈ శబ్దాల్ని చెత్తబుట్టలో వేసే పద్ధతి తగ్గింది.

ఇప్పుడు మాండరిన్ సంగతి. 2005లో యువాన్ ఝావ్, డాన్ జురాఫ్‌స్కీ అనే ఇద్దరు మాండరిన్ ఊతపదాల మీద ఒక పరిశోధన పత్రం ఇచ్చారు. ఇంగ్లీషులో ఊత అంటే ఎక్కువగా ఉత్త శబ్దమే. మాండరిన్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి శబ్దం, నోటితో "అ...", ముక్కుతో "మ్మ్...". రెండోది నిజమైన మాట: "నెయ్‌గ" అంటే అది, "జెయ్‌గ" అంటే ఇది. వేలు చూపించే మాటల్నే ఊతగా వాడతారు. తెలుగు కూడా ఈ బడిలోదే. శ్రీకాకుళంలో మేము "ఏటంటే" అంటాం, గోదావరి వాళ్ళు "అదేంటంటే", నా రూమ్‌లో ఉండే కరీంనగర్ తమ్ముడు "గదేందంటే" అంటాడు. మా ఫోర్‌మన్‌ది కడప, "అదేమంటే" లేకుండా ఆయన నోట్లోంచి వాక్యం రాదు. "ఏటంటే" తప్ప మిగతా అన్నిట్లోనూ "అది" దాక్కుని ఉంది.

పక్కమాట ఒకటి. 2020లో అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ ఊతపదాల గురించి పాఠం చెబుతూ చైనీస్‌లో "నెయ్‌గ నెయ్‌గ" అంటారని ఉదాహరణ ఇచ్చాడు. అది నల్లవాళ్ళని తిట్టే ఒక మాటలా వినపడిందని కొందరు విద్యార్థులు ఫిర్యాదు చేస్తే, ఆ క్లాసు ఆయన దగ్గర్నుంచి తీసి వేరేవాళ్ళకి ఇచ్చారు. ప్రపంచమంతా వార్త అయింది. గల్ఫ్‌లో, ఆఫ్రికాలో చైనీస్ వాళ్ళతో పనిచేసే తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకుంటే అనవసరమైన కొట్లాటలు తప్పుతాయి.

ఇక్కడిదాకా ఒక చరిత్ర. రెండో చరిత్ర ఆటిజానిది. ఈ రెండూ 2010 తర్వాతే సరిగ్గా కలిశాయి, కానీ రెండోది కాస్త వెనక నుంచి చెబితేగానీ అర్థం కాదు.

ఆటిజం అనే మాట 1911 ప్రాంతంలో స్విట్జర్లాండ్ డాక్టరు బ్లాయిలర్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. గ్రీకులో "ఆటోస్" అంటే తాను. తనలో తాను ఉండిపోవడం అని అర్థం. అప్పట్లో అది వేరే జబ్బు లక్షణానికి పేరు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశాక ఇప్పటి అర్థం వచ్చింది. ఆ 11 మందిలో ఎనిమిది మందికి మాటలొచ్చాయి, ముగ్గురికి రాలేదు. మాటలొచ్చినవాళ్ళు కూడా విన్నదాన్ని విన్నట్టే తిరిగి చెప్పడం, "నేను" అనాల్సిన చోట "నువ్వు" అనడం కానర్ గమనించాడు. మాట ఉంది, కానీ అవతలి మనిషితో వంతులు వేసుకుని మాట్లాడటం వేరే రకంగా ఉంది.

తర్వాత ఇరవై ఏళ్ళు తల్లుల్ని పట్టుకున్నారు. తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని డాక్టర్లే అన్నారు. ఫ్రిజ్ లాంటి తల్లులు అని పేరు కూడా పెట్టారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన, తనకీ ఆటిజం ఉన్న కొడుకు ఉన్నాడు, ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, పుట్టుకతో మెదడులో ఉండే తేడా అని పుస్తకం రాశాడు. అయినా ఆ నింద పూర్తిగా పోలేదు. అమ్మ ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది, నాన్న విదేశంలో ఉన్నాడు, అందుకే పిల్లాడికి మాట రాలేదు అని మన ఊళ్ళలో ఇప్పటికీ అంటున్నారు. విదేశంలో ఉన్న నాన్నలం మనమే కాబట్టి ఈ మాట మనకి గట్టిగా తగులుతుంది.

చైనా దగ్గరికి ఈ కథ ఆలస్యంగా చేరింది. 1966 నుంచి పదేళ్ళు అక్కడ సాంస్కృతిక విప్లవం. సైకాలజీ బూర్జువా శాస్త్రమని మూలన పడేశారు. అది ముగిశాకే ఆ తలుపులు మళ్ళీ తెరిచారు. 1982లో నాన్‌జింగ్‌లో టావ్ గ్వోటాయ్ అనే డాక్టరు నలుగురు పిల్లల కేసులు బయటపెట్టాడు. చైనాలో ఆటిజం అని పేరు పెట్టి రాసిన మొదటి కేసులు అవే. కానర్ రాసిన 39 ఏళ్ళకి.

పేరు విషయంలోనూ రెండు దారులయ్యాయి. తైవాన్‌లో, ఇక్కడ సింగపూర్‌లో "జుబీజెంగ్" అంటారు, తనను తాను మూసుకున్న జబ్బు అని. చైనా ప్రభుత్వ కాగితాల్లో "గూదూజెంగ్", ఒంటరితనపు జబ్బు. జనం నోట్లో మాత్రం "నక్షత్రాల పిల్లలు". మూడు పేర్లూ ఒకటే చెబుతున్నాయి, వాళ్ళు మన దగ్గర లేరు, ఎక్కడో దూరంగా ఉన్నారు అని. పేరు అందంగానే ఉంది గానీ నాకది అంత నచ్చలేదు. పిల్లాడు పక్కన కూర్చుని అన్నం తింటుంటే వాణ్ణి ఆకాశంలో పెట్టడమేంటి?

1993లో బీజింగ్‌లో టియన్ హ్వైపింగ్ అనే తల్లి తన కొడుక్కి బడి దొరక్క తనే ఒక బడి పెట్టింది. పేరు "నక్షత్రాలు, వాన". దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని అక్కడికి వచ్చేవాళ్ళు. పిల్లలతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకి నేర్పడమే అక్కడ ముఖ్యమైన పని. 2006లో ప్రభుత్వం ఆటిజాన్ని వైకల్యాల లెక్కలోకి తీసుకుంది. 2010లో జెట్ లీ తండ్రిగా నటించిన "ఓషన్ హెవెన్" సినిమా వచ్చింది. ఆయన ఒక్క ఫైటు కూడా చెయ్యని సినిమా. తీసిన దర్శకురాలు ష్వే షావ్‌లూ అంతకుముందు ఆ బడిలో వాలంటీరుగా పనిచేసింది. 2020లో వచ్చిన దేశవ్యాప్త సర్వే ప్రకారం చైనాలో 6 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో 0.7 శాతం మందికి ఆటిజం ఉంది. అంటే వెయ్యిమందిలో ఏడుగురు.

ఇప్పుడు రెండు దారులూ కలిసే చోటు. 2011లో కెనడాలో ఒక పరిశోధన జరిగింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళని మాట్లాడించి లెక్కపెడితే, వాళ్ళు మిగతావాళ్ళకన్నా "అమ్", "అహ్" తక్కువ అంటున్నారు. దానికి బదులు ఉత్త మౌనం ఎక్కువ, అన్న మాటే మళ్ళీ అనడం ఎక్కువ. 2016లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా పిల్లల్ని, టీనేజ్ వాళ్ళని చూశాయి. "అహ్"లో తేడా లేదు. "అమ్" మాత్రం ఆటిజం ఉన్నవాళ్ళలో తక్కువ. క్లార్క్ చెప్పిన లెక్క గుర్తుందా? పెద్ద ఆలస్యం రాబోతోంది, కాస్త ఆగు అని అవతలివాడికి చెప్పేది "అమ్". అది వినేవాడి కోసం పెట్టే బోర్డు, పని జరుగుతున్నది అని రోడ్డు మీద పెడతామే, అలాంటిది. లోపల పని జరుగుతూనే ఉంది, బోర్డు లేదు, అంతే.

2017లో ఫిలడెల్ఫియాలో ఇంకో సంగతి బయటపడింది. "అమ్" తగ్గింది మగపిల్లల్లోనే. ఆటిజం ఉన్న ఆడపిల్లలు మిగతా ఆడపిల్లల్లాగే "అమ్" వాడుతున్నారు. ఆ శబ్దం వల్ల వాళ్ళ మాట మామూలుగా వినపడి, ఆటిజం ఉందని పైకి తెలియకుండా పోతోందని ఆ పరిశోధకుల అభిప్రాయం. ఆడపిల్లలకి ఆలస్యంగా తెలియడానికి ఇదొక కారణం కావచ్చన్నమాట.

ఇవన్నీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ లెక్కలు. వీటిని ఎత్తుకెళ్ళి మాండరిన్ మీద పెడితే కూర్చోవు. ఎందుకో కొంచెం నిదానంగా చెప్తాను, ఈ ఎపిసోడ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే.

మాండరిన్‌లో ముక్కుతో పలికే "మ్మ్" ఉందే, అది మన "ఊ" లాంటిది. మనం "ఊ" అని దించి అంటే సరే అని. "ఊ?" అని లేపితే ఏంటి అని. సాగదీస్తే ఆలోచిస్తున్నానని. అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టేది వింటున్నానని. ఒక్క శబ్దానికి నాలుగు పనులు, తేడా అంతా రాగంలోనే. చైనీస్ "మ్మ్" కూడా అంతే, లేపితే ప్రశ్న, దించితే అవును, సాగితే ఆగు. కాబట్టి మాండరిన్ మాట్లాడే ఆటిజం మనిషికి ఊతశబ్దం అంటే రాగం కూడా. 2015లో మాండరిన్ మాట్లాడే ఆటిజం ఉన్నవాళ్ళ మీద ఒక పరిశోధన వచ్చింది. పాటలో స్వరం పైకి వెళ్ళిందా కిందికి వెళ్ళిందా గుర్తుపట్టడంలో వాళ్ళు మిగతావాళ్ళకన్నా మెరుగు. అదే ఒక వాక్యం ప్రశ్నా, మామూలు మాటా అని గొంతును బట్టి చెప్పమంటే వెనకపడ్డారు. చెవి లోపం కాదు. స్వరం బాగా వినిపిస్తుంది, ఆ స్వరంతో మనుషులు చేసే పని దగ్గరే చిక్కు.

ఇక "నెయ్‌గ". అది శబ్దం కాదు, మాట. నిఘంటువులో ఉంటుంది, బడిలో నేర్పుతారు. మరి ఆటిజం ఉన్న మనిషి "నెయ్‌గ" అన్నాడంటే వినేవాడికి బోర్డు పెడుతున్నాడా, నిజంగానే దేన్నో చూపిస్తున్నాడా, లేక అన్న మాటే మళ్ళీ అనే అలవాటు వల్ల వస్తోందా? "అమ్"ని లెక్కపెట్టడం తేలిక, ఎక్కడ వినపడినా అది ఊతే. "నెయ్‌గ"ని లెక్కపెట్టాలంటే ప్రతిసారీ వెనక ముందు వాక్యం వినాలి. అందుకే మాండరిన్‌లో ఈ ప్రశ్న వేసేవాళ్ళు శబ్దాన్నీ మాటనీ రెండు బుట్టల్లో వేసి చూడాలి. ఇంగ్లీషు కొలబద్దతో కొలిచి వీళ్ళు ఊత తక్కువ వాడుతున్నారు అనేస్తే, సగం సరుకు లెక్కలోకి రాదు. మన తెలుగు పిల్లల్ని "అమ్" అంటున్నారా లేదా అని చూసి, వాళ్ళ "అదీ..." ని వదిలేసినా ఇదే పొరపాటు.

ఇదంతా నేనెందుకు పట్టించుకున్నానో చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా సైట్ ఆఫీసులో డ్రాయింగులు చూసే ఒక చైనీస్ కుర్రాడు ఉండేవాడు. ఆటిజం ఉందని తనే చెప్పాడు. పైపుల స్లీవ్‌లు, స్లాబ్ లెవెల్స్ అతని తలలో ఫోటోలా ఉండేవి. మీటింగ్‌లో ఏదైనా అడిగితే మాత్రం టేబుల్ వైపు చూస్తూ ఆరేడు సెకన్లు ఉలుకూ పలుకూ ఉండదు. "నెయ్‌గ" లేదు, "మ్మ్" లేదు. ఆ తర్వాత జవాబు ఒక్కసారిగా వస్తుంది, పూర్తిగా, ముక్కలు లేకుండా. ఒకరోజు ఒక సబ్‌కాంట్రాక్టు మేనేజర్ మూడో సెకనులోనే "తెలీదన్నమాట, నెక్స్ట్" అని ముందుకెళ్ళిపోయాడు. కుర్రాడు నోరు తెరిచేసరికి మాట వేరే విషయం మీదకి పోయింది. రెండు వారాల తర్వాత ఆ స్లీవ్ తప్పు చోట ఉందని తేలి, గట్టిపడిన స్లాబ్‌ని కోరింగ్ మెషీన్‌తో తొలిచారు. ఆ రోజు అతను చెప్పబోయింది అదే.

2012లో డేమియన్ మిల్టన్ అనే ఇంగ్లాండ్ పరిశోధకుడు, ఆయనకీ ఆటిజం ఉంది, ఒక మాటన్నాడు. వాళ్ళకి మనం అర్థం కాకపోవడమే కాదు, మనకి వాళ్ళూ అర్థం కావట్లేదు, చిక్కు రెండువైపులా ఉంది అని. 2020లో ఎడిన్‌బరోలో దీన్ని పరీక్షించారు. ఒకరు చెప్పిన కథ ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి చెప్పే చెవిలో మాట ఆట లాంటిది, ఎనిమిది మందితో. అందరికీ ఆటిజం ఉన్న గొలుసులో కథ ఎంత నిలిచిందో, ఎవరికీ లేని గొలుసులోనూ అంతే నిలిచింది. రెండు రకాలవాళ్ళనీ కలిపిన గొలుసులో ఎక్కువ పోయింది.

మా డార్మిటరీలో ఒక అన్న ఉన్నాడు. ఆయన కొడుక్కి తొమ్మిదేళ్ళు, ఆటిజం అని విశాఖలో చెప్పారు. వీడియో కాల్‌లో ఆయన "తిన్నావా నాన్నా?" అంటాడు. వాడు పలకడు. రెండు సెకన్లకే "స్కూల్‌కెళ్ళావా?" అంటాడు, మళ్ళీ "నాన్న మీద కోపమా?" అంటాడు. అసలే నెట్ కాల్‌లో గొంతు కొంచెం ఆలస్యంగా వెళ్తుంది. వాడు మొదటి ప్రశ్నకి జవాబు తయారుచేసుకునేలోపు మూడు ప్రశ్నలు మీదపడతాయి. ఇప్పుడాయన ఒక ప్రశ్న అడిగి, ఫోన్ బల్లకి ఆనించి, చపాతీ పిండి కలుపుతూ కూర్చుంటున్నాడు. మొన్న పన్నెండు సెకన్లకి వచ్చింది జవాబు. "పప్పు తిన్నాను, ఆవకాయ వద్దన్నాను" అని.

ఇలాంటి పిల్లలున్నవాళ్ళకి ఒక పనికొచ్చే ముక్క. ఇండియాలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలోనూ, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఆటిజం ఉంది. యూడీఐడీ కార్డు తీసుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. కాగితాల పని ఇంటి దగ్గర ఉన్నవాళ్ళే చేయించాలి, కాబట్టి మీరు ఊరెళ్ళినప్పుడు పెట్టుకుంటే తొందరగా తెములుతుంది.

వచ్చే ఎపిసోడ్ కోసం మీ వైపు ఊతపదాలు పోగు చేస్తున్నాను. "ఏటంటే", "గదేందంటే", "అదేమంటే" వచ్చేశాయి. పాలమూరు, నెల్లూరు వాళ్ళు ఇంకా ఎవరూ పంపలేదు. వాయిస్ మెసేజే పెట్టండి, రాస్తే రాగం తెలియదు.